బీరువాలో దాచిన పట్టుచీర, మళ్లీ వచ్చిన ఫ్యాషన్: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రావణం దగ్గరపడితే మా కొట్టుకి సంచులు రావడం మొదలవుతుంది. సంచిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో పట్టుచీర, మడతల మధ్య కలరా ఉండలు. "అమ్మ పెళ్లిచీరండీ. పెద్ద అంచులు మళ్లీ వచ్చాయి కదా, దీని మీదకి బుట్ట చేతుల జాకెట్టు కుట్టి పెట్టండి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు, కొత్తదానిలాగే ఉంటుంది" అంటారు. ఆ చివరి మాట వింటే నాకు భయం. చీర బల్ల మీద పరిచి చూస్తే మడత వెంట బ్లేడుతో కోసినట్టు చీలిక ఉంటుంది. అదీ ఒకచోట కాదు, మడత మడతకీ.

విశాఖలో చాలా ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను, పాత చీరలు బాగుచేస్తున్నాను. ఫ్యాషన్ గురించి జనంలో తిరిగే మిగతా అపోహల వల్ల డబ్బు పోతుంది. ముట్టుకోకుండా దాస్తే చాలన్న ఈ నమ్మకం వల్ల చీరే పోతుంది. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: ముట్టుకోకుండా దాస్తే చీర చెక్కుచెదరదు. ఫ్యాషన్ తిరిగొచ్చాక తీసి కట్టుకోవచ్చు.

వాస్తవం: ముట్టుకోకుండా ఉంచడం వల్లే అది పాడైంది.

పట్టు అంటే ప్రోటీన్ దారం, మన జుట్టు లాంటిదే. ఏళ్ల తరబడి ఒకేచోట వంగి, పైన ఇరవై చీరల బరువు మోస్తూ ఉంటే ఆ వంపు దగ్గర దారం నలిగి తెగుతుంది. జరీ ఉన్నచోట ఇంకా కష్టం. అసలు జరీలో పట్టుదారం చుట్టూ సన్నగా నలగ్గొట్టిన వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత పెడతారు. చవక రకంలో వెండి బదులు రాగి. ఏదైనా లోహమే కాబట్టి, మడత దగ్గర అది పక్కనున్న పట్టును కోస్తూ ఉంటుంది. చీలికలు అంచు పక్కనే మొదలయ్యేది అందుకే.

దీనికి మన ఊరి గాలి తోడు. సముద్రం పక్కన ఉన్నాం, ఏడాదిలో ఎక్కువ భాగం గాలిలో తేమే. ప్లాస్టిక్ కవరు ఆ తేమను లోపలికి రానివ్వదని అందరి నమ్మకం. కవరు మూసేటప్పుడు లోపల ఉన్న తేమ మాటేమిటి? అది ఇక బయటికి పోదు. రాగి జరీ పచ్చగా చిలుము పడుతుంది, వెండి జరీ నల్లబడుతుంది. షాపువాళ్లు వేసిన రబ్బరు బ్యాండు అలాగే వదిలేస్తే, రబ్బరులోని గంధకం వల్ల అది ఆనినచోట వెండి ఇంకా తొందరగా నల్లబడుతుంది. పెళ్లిలో కట్టిన చీరను చెమటతో, పప్పు మరకతో అలాగే మడిచి పెట్టేస్తారు. ఆరోజు కంటికి కనబడని మరక కొన్నేళ్లకి గోధుమరంగులో తేలుతుంది. అప్పుడు దాన్ని తియ్యడం ఎవరి తరమూ కాదు.

కలరా ఉండల సంగతి గట్టిగానే చెబుతాను. వాటిని చీర మడతల్లో నేరుగా వెయ్యకండి, జరీకి అస్సలు తగలనివ్వకండి. పెట్టక తప్పదనుకుంటే చిన్న గుడ్డసంచిలో కట్టి బీరువా మూల పెట్టండి. ఇంకొక మాట, ఇది ఫ్యాషన్ కంటే ముఖ్యం. ఇంట్లో పాత పసిబట్టలు దాచి, "మా అబ్బాయివి, మనవడికి వేద్దాం" అని తీస్తుంటారు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న పసిబిడ్డలకు కలరా ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో తెలియదు. పసిబట్టల దగ్గర ఆ ఉండలు అసలు ఉంచకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో కిటికీ అద్దాలు పగలని వీధి లేదు. వాన ఇళ్లలోకి కొట్టింది, కరెంటు రోజుల తరబడి లేదు. ఆ తర్వాత మా కొట్టుకి తడిసిన చీరలు కుప్పలుగా వచ్చాయి. పాత నూలుపంచెలో చుట్టి పెట్టినవి తడిసినా నీడన ఆరబెట్టేసరికి చాలావరకు దక్కాయి. ప్లాస్టిక్ కవర్లో ఉన్నవాటిలోకి నీళ్లు ఎలాగో దూరాయి, బయటికి రాలేదు. అంచు రంగు ఒంట్లోకి దిగి, బూజు పట్టి, విప్పేసరికి ఒక పొర ఇంకో పొరకి అంటుకుపోయి ఉన్నాయి. సీతమ్మధార నుంచి వచ్చిన ఒకావిడ ఆ మూట నా చేతిలో పెట్టి, "అమ్మ పోయాక ఇదొక్కటే మిగిలిందమ్మా" అని కూలబడిపోయింది. చీర ఒళ్లంతా పోయింది, కొంగూ ఒక అంచూ బాగున్నాయి. వాటిని విడదీసి కొత్త పట్టు మీద వేసి కుట్టాం. కూతురి పెళ్లిలో అదే కట్టుకుంది. ఇలాంటివాళ్లని "ఎందుకలా దాచారు" అని తిట్టడానికి నాకు నోరు రాదు. ప్రేమకొద్దీ దాచారు, ఎలా దాచాలో ఎవరూ చెప్పలేదు.

నా కంటికి బాగా నిలిచినవి భీమిలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ చీరలు. పెళ్లినాటివి కూడా ఉన్నాయి. ఆవిడ రహస్యమేమీ లేదు, కడుతుంది. దసరాకొకటి, వరలక్ష్మీ వ్రతానికొకటి. కట్టి విప్పాక ఫ్యాను కింద నీడన ఆరబెట్టి, మడత మార్చి, తెల్ల నూలుగుడ్డలో చుట్టి పెడుతుంది.

మీరూ అంతే చెయ్యండి. మూడు నాలుగు నెలలకోసారి చీర తీసి, పాత గీత మీద కాకుండా వేరేచోట మడవండి. పొడిగా ఉండే చలికాలపు రోజుల్లో, సంక్రాంతి ముందో వెనకో, ఒక పూట గాలికి పరచండి. ఎండలో వద్దు, పట్టు ఎండకి నీరసిస్తుంది. గంజి పెట్టిన చీర ఏదైనా దాచేముందు గంజి వదిలించండి, బీరువాల్లో పరిగెత్తే ఆ వెండిరంగు పురుగు వచ్చేది దానికోసమే. బరువైన జరీ చీరలను హ్యాంగరుకి వేలాడదియ్యకండి.

అపోహ: తిరిగొచ్చిన ఫ్యాషన్ అచ్చం పాతదే.

పేరు తిరిగొస్తుంది, కటింగ్ మారుతుంది. బుట్ట చేతులనే తీసుకోండి. యూరప్‌లో 1830ల్లో ఆ ఉబ్బు భుజం కిందకి జారి ఉండేది, 1890ల్లో భుజం మీదకి ఎక్కింది, 1980ల్లో మళ్లీ వచ్చేసరికి లోపల ప్యాడ్లు చేరాయి. మన దగ్గరా అంతే. అమ్మ జాకెట్టుకి ఉన్న బుట్ట చిన్నది, చంక దగ్గర బిగుతు. ఇప్పుడు పిల్లలు అడిగేది మోచేతి దాకా వచ్చే పెద్ద కుచ్చు. పాత జాకెట్టుకి చేతులు మాత్రం మార్చెయ్యమంటారు. ఆ చంక కొలతలో కొత్త చెయ్యి కూర్చోదు. లోపల మార్జిన్ ఉంటే విప్పి వదులు చెయ్యగలం, కానీ కుట్టు లోపల దాగిన గుడ్డ ముదురు రంగులోనూ, పైది వెలిసిపోయీ ఉంటుంది, గీత కనబడుతుంది. అందుకే కొత్త జాకెట్టు కుట్టించేటప్పుడే రెండు పక్కలా అంగుళంన్నర మార్జిన్ వదలమని టైలర్ని అడగండి, మిగిలిన ముక్క ఇంటికి తెచ్చుకోండి.

బెల్ బాటమ్ కూడా ఇదే కథ. తూర్పు నౌకాదళం ఉన్న ఊరివాళ్లం కాబట్టి మనకి ఇది నచ్చాలి: కింద వెడల్పు ప్యాంటు మొదట నావికులది, 19వ శతాబ్దం నాటిది. 1960ల్లో కుర్రకారు సైన్యం అమ్మేసిన పాత బట్టల దుకాణాల్లో అవి కొని వేసుకుంటే అది ఫ్యాషనైంది. 1990ల్లో బూట్‌కట్‌గా వచ్చింది. ఇప్పటిది నడుము దగ్గర్నుంచే వెడల్పు. నాన్నగారి ప్యాంటు తొడ దగ్గర బిగుతుగా ఉంటుంది, దాన్ని ఇప్పటి ప్యాంటుగా మార్చమంటే గుడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అపోహ: సరిగ్గా ఇరవై ఏళ్లకి తిరిగొస్తుంది.

అలాంటి గడియారం లేదు. బ్రిటిష్ దుస్తుల చరిత్రకారుడు జేమ్స్ లేవర్ 1937లో ఒక లెక్క రాశాడు. దాని ప్రకారం పాతబడిన దుస్తులు పదేళ్లకి వికారంగా, ఇరవై ఏళ్లకి హాస్యాస్పదంగా కనబడతాయి. అందంగా అనిపించడానికి నూట యాభై ఏళ్లు పడుతుంది. నడుము కిందకి దిగిన జీన్స్ 2000ల తర్వాత ఇరవై ఏళ్లకి కనబడ్డాయి నిజమే. మరి లంగా ఓణీ? ఒకప్పుడు ఆడపిల్లల రోజువారీ బట్ట. పంజాబీ డ్రెస్సు వచ్చాక కాలేజీల్లోంచి పోయింది, ఫంక్షన్లలోకి తిరిగొచ్చింది. కాలేజీకి మాత్రం మళ్లీ వెళ్లలేదు. తేదీ లెక్కపెట్టుకుని బట్టలు దాచడం, కొనడం రెండూ దండగ.

అపోహ: సింథటిక్ నిలవదు, ఖరీదైనది నిలుస్తుంది.

1970ల నైలెక్స్ చీరలు ఇప్పటికీ గట్టిగా ఉన్నవి నా దగ్గరికి వస్తాయి, కొంచెం రంగు మారినా చిరగవు. సాగే గుడ్డ మాత్రం నిలవదు. లెగ్గింగ్స్, స్ట్రెచ్ జీన్స్‌లో ఉండే స్పాండెక్స్, తోలులా కనిపించే చాలా జాకెట్ల పైపూత, రెండూ ఒకే కుటుంబం ప్లాస్టిక్. మన తేమకి, వేడికి జీవం పోయి సాగవు, లేదా పొరలుగా రాలతాయి. వాటిని మనవరాలి కోసం దాచకండి, ఇప్పుడే వేసుకోండి.

అపోహ: పాత పట్టుచీరతో లాంగ్ ఫ్రాక్ కుట్టిస్తే సగం ఖర్చు.

నీరసించిన పట్టు కుట్టు దగ్గర బరువు ఆగదు. లోపల మొత్తం లైనింగ్, బలహీనమైన చోట వెనకనుంచి సన్నగుడ్డ అతుకు, ఇవన్నీ కలిపితే కొత్త డ్రెస్సుకి దగ్గరికే వస్తుంది. కత్తెర వేశాక వెనక్కి తీసుకోలేం కూడా. ముందు ఇంట్లోనే చూసుకోండి: చీరను కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టండి, మడత గీతల వెంట చుక్కలుగా వెలుతురు దూరితే పట్టు చీలడం మొదలైనట్టే. దాన్ని కట్టుకోవచ్చేమో కానీ కోసి కుట్టకూడదు. జరీ అసలుదో కాదో తెలియకుండా వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అనేవాళ్లకి ఇచ్చెయ్యకండి. బంగారం పరీక్షించే మెషీన్లు ఉన్నచోట వెండి శాతం కూడా చెబుతారు, అది చూపించుకున్నాక ధర మాట్లాడండి.

ఆ చీర ముహూర్తానికి కావాలంటే నెలరోజులు మిగిలాక రాకండి. రఫూ, అంచు మార్పిడి, పాలిష్, జాకెట్టు, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాలి, రెండు నెలలైనా చేతిలో ఉండాలి. చీరను ఇస్త్రీ చేసి తీసుకురాకండి, ఎలా ఉన్నది అలాగే నూలుగుడ్డలో పెట్టి పట్టుకురండి.