ఉభయచర కారు విశాఖ సముద్రంలో దిగగలదా?

చైనా కంపెనీ బీవైడీ 2023లో అమ్మకానికి తెచ్చిన యాంగ్‌వాంగ్ యూ8 కారు నీళ్లలో తేలుతూ పోయే వీడియో చూసిన విశాఖవాసికి, ఇదే బండి బీచ్ రోడ్డు మీద నుంచి సముద్రంలోకి దిగితే ఎంత బాగుంటుందో అనిపించడం సహజం. కంపెనీ మాత్రం అంత దూరం పోలేదు. తేలడం ఆపదలో మాత్రమేనని, అదీ 30 నిమిషాలేనని చెప్పింది. నీళ్లలో దాని వేగం గంటకు మూడు కిలోమీటర్లు. అంతకంటే మనిషి నడక నయం. వరదలో చిక్కుకున్నవారికి అది వరమే. షికారుకు పనికిరాదు.

ఈ మోజు పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్డ్ కంపెనీ జీపుకు పడవ లాంటి ఒళ్లు తొడిగి జీపీఏ అనే బండి చేసింది. బరువెక్కువ, నీటిపైన మిగిలే అంచు ఎత్తు తక్కువ. కాస్త పెద్ద కెరటం వస్తే నీళ్లు లోపలికే. 1943లోనే తయారీ ఆపేశారు. అలాంటి బండినే కొని, పైన గది కట్టించి, అదనపు ఇంధన ట్యాంకులు తగిలించి, బెన్ కార్లిన్ అనే ఆస్ట్రేలియన్ 1950లో భార్యతో కలిసి కెనడాలోని హాలిఫాక్స్ నుంచి అజోర్స్ దీవులకు చేరాడు. అంతకుముందు చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. ప్రపంచాన్ని చుట్టి ముగించేసరికి 1958 అయింది. సాహసం అనదగ్గదే, కానీ సాహసాన్ని చూపి టికెట్లు అమ్మలేం కదా!

జనం కొనుక్కునేలా వచ్చిన కారు 1961 నాటి జర్మనీ ఆంఫికార్. అమ్ముడైనవి నాలుగు వేలకు లోపే. నీళ్లలో గంటకు పది కిలోమీటర్లకు పైగా వెళ్లేది, ముందు చక్రాలే చుక్కాని. గ్రీజు పెట్టాల్సిన చోట్లు 13, వాటిలో ఒకదాన్ని అందుకోవాలంటే వెనక సీటు ఊడదీయాలి. అది మంచినీటి సరస్సుల సంగతి. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ చువ్వలకు ఏటేటా రంగు వేయించేవాళ్లను అడిగితే ఉప్పుగాలి ఏం చేస్తుందో చెబుతారు. ఇక ఉప్పునీటి మాట చెప్పాలా?

అసలు ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో చెప్పేది 1999 మే 1న అమెరికాలోని అర్కాన్సాలో జరిగిన దుర్ఘటన. యుద్ధకాలపు ఉభయచర లారీ ‘డక్’ ఒకటి పర్యాటకులతో హామిల్టన్ సరస్సులో దిగిన కొద్ది నిమిషాలకే మునిగింది. 21 మందిలో 13 మంది చనిపోయారు. చక్రాలకు శక్తినిచ్చే ఇరుసు అడుగు భాగంలోంచి బయటికొచ్చే చోట ఒక రబ్బరు తొడుగు, దాన్ని బిగించే పట్టీ ఉంటాయి. ఆ పట్టీ వదులైంది, తొడుగు ఊడింది, నీళ్లు చొరబడ్డాయి. మామూలు పడవ అడుగున ఇన్ని కన్నాలుండవు, కారుకు తప్పవు. పైన టాపు ఉండటంతో జనం ఈదుకుంటూ బయటపడలేకపోయారు. నీళ్లు నిండినా తేలే ఏర్పాటు చేయాలని, టాపులు తీసేయాలని అక్కడి దర్యాప్తు సంస్థ చెప్పింది. చాలామంది నిర్వాహకులు వినలేదు. 2018 జులైలో మిస్సోరీలో గాలివాన మధ్య మరో డక్ మునిగి 17 మంది పోయారు. చట్టం 2022 డిసెంబరులో వచ్చింది.

ఈ రెండూ సరస్సులే. ఆర్కే బీచ్ దగ్గర కెరటాలు ఒడ్డు మీదే విరుగుతాయి, లోతు త్వరగా పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. ముందు చక్రాలు ఇసుక వదిలి, నీళ్లలో బండిని నెట్టే వెనక పంకా ఇంకా మునగని ఆ కొద్ది క్షణాల్లో బండి అదుపులో ఉండదు. అప్పుడు పక్క నుంచి కెరటం తగిలితే తిరగబడుతుంది. ఈ తీరంలో తరతరాలుగా కెరటాన్ని దాటింది తెప్ప. దుంగల సందుల్లోంచి నీళ్లు పోతాయి, నిండటానికి దానికి లోపలంటూ ఏమీ లేదు. విశాఖ కేంద్రంగా పనిచేసే నౌకాదళ ఓడ జలాశ్వ కూడా సైనిక వాహనాలను తీరానికి చేర్చడానికి తనలో చిన్న పడవలను మోసుకెళ్తుంది.

మరి సముద్రం వద్దు, నిలకడ నీళ్లు చాలనుకుంటే? నగరానికి దగ్గర్లో ఉన్నవి ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ. రెండూ తాగునీటి జలాశయాలు, రెండింటి మీదా తేలే సౌర ఫలకాలున్నాయి. గ్రీజు కారే బండిని వాటిలోకి దింపడానికి అనుమతి ఎవరిస్తారు?