రాణిగారికి ఫాక్స్ రాసిన విన్నపం

పిల్లలూ,

నమ్మిన మతం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల కథలన్నీ పోగేసి పుస్తకం వేసిందెవరని అడిగారు కదా. ఒక్కరు కాదు. జెనీవాలో ఝాన్ క్రెస్పాన్ 1554లోనే ఫ్రెంచిలో ఒకటి వేశాడు. నాకు ఎక్కువ ఇష్టమైనవాడు మాత్రం ఇంగ్లండుకు చెందిన జాన్ ఫాక్స్.

1553లో మేరీ రాణి గద్దెనెక్కింది. ఇంగ్లండు మళ్లీ పోపు ఏలుబడిలోకి వెళ్లింది. ఆమె కాలంలో, పోపు పెత్తనాన్ని ఒప్పుకోని ప్రొటెస్టెంట్ క్రైస్తవ విశ్వాసం వదలనన్నందుకు దాదాపు 280 మందిని కొయ్యకు కట్టి సజీవంగా కాల్చారు. ఫాక్స్ కూడా ప్రొటెస్టెంటే, ముందే భార్యను తీసుకుని దేశం దాటాడు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటూ పొట్టపోసుకున్నాడు. మేరీ చనిపోయి ప్రొటెస్టెంట్ రాణి ఎలిజబెత్ వచ్చాకే లండన్ చేరాడు.

అక్కడ దొరికినవాడు జాన్ డే. అచ్చుపనిలో దిట్ట, మేరీ కాలంలో జైలు చూసినవాడే. ఇద్దరూ కలిసి 1563లో తెచ్చిన పుస్తకం దాదాపు 1,800 పేజీలు! చదువు రానివాళ్లకూ అర్థమయ్యేలా చెక్క దిమ్మలతో అచ్చేసిన బొమ్మలు. బిషప్పుల కోర్టు రికార్డులు, ఖైదీలు జైలు నుంచి రాసిన ఉత్తరాలు, కళ్లారా చూసినవాళ్ల మాటలు, ఏది దొరికినా ఫాక్స్ అందులో ఎక్కించాడు.

అన్ని చోట్ల నుంచి వచ్చినదాంట్లో తప్పులు దొర్లకుండా ఉంటాయా? విండ్సర్‌లో ఆర్గాన్ వాయించే జాన్ మార్బెక్‌ను కాల్చేశారని మొదట రాశాడు. పాపం ఆయన నిక్షేపంగా బతికే ఉన్నాడు! పోపు పక్షపు కాథలిక్ పండితులు ఊరుకుంటారా, ఏకిపారేశారు. ఫాక్స్ తప్పు దిద్దుకుని, ఇంకా రికార్డులు తిరగేసి, 1570లో రెండో కూర్పు తెచ్చాడు. అది మరీ లావు. పెద్ద కాగితం అయిపోతే డే మనుషులు చిన్న కాగితాలు అతికించి మరీ అచ్చు వేశారు. మరుసటి ఏడాది ప్రతి కెథడ్రల్‌లోనూ (బిషప్పు ఉండే పెద్ద చర్చి) ఒక ప్రతి ఉంచాలని చర్చి పెద్దలు నిర్ణయించారు.

1555లో ఆక్స్‌ఫర్డ్‌లో మంటల మధ్య నిలబడి ప్రొటెస్టెంట్ బిషప్పు లాటిమర్, తనతోపాటు కాల్చిన మరో బిషప్పు రిడ్లీకి ధైర్యం చెప్పిన మాటలు చాలా పేరున్నవి. 1563 కూర్పులో అవి లేవు, 1570లో వచ్చాయి. నిజంగా అన్నాడా, ఎవరైనా తర్వాత చెప్పారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. పైగా ఫాక్స్ తటస్థుడేం కాదు. పోపును కాదననందుకు తల పోగొట్టుకున్న థామస్ మోర్ ఆయన లెక్కలో హతసాక్షి కాడు, ప్రొటెస్టెంట్లను హింసించినవాడు. చదివేటప్పుడు ఆ పక్షపాతం గుర్తు పెట్టుకోండి.

ఇంతా చెప్పి, ఆయనంటే ఇష్టం ఎందుకన్నానో చెప్పలేదు. 1575లో ఇంగ్లండులో పట్టుబడ్డ కొందరు ఫ్లెమిష్ అనాబాప్టిస్టులకు (పెద్దయ్యాక తీసుకున్నదే అసలు బాప్తిస్మం అనే క్రైస్తవులు) మరణశిక్ష పడింది. ఈసారి కాల్చబోయేది ప్రొటెస్టెంట్ ప్రభుత్వమే. వాళ్ల నమ్మకాలు తప్పని ఫాక్స్ గట్టిగా అనుకున్నాడు. అయినా ఎలిజబెత్‌కు లాటిన్‌లో విన్నపం రాశాడు: చెరసాల వేయండి, దేశం వెళ్లగొట్టండి, మేరీ కాలంలో మనుషుల్ని కాల్చిన లండన్ స్మిత్‌ఫీల్డ్ మంటలు మాత్రం మళ్లీ రాజేయకండి అని. రాణి వినలేదు. ఆ జులైలో స్మిత్‌ఫీల్డ్‌లోనే ఇద్దరిని కాల్చారు.

ఆ పుస్తకం పాత కూర్పులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. స్పెల్లింగులు చూసి కంగారు పడకండి, ముందు బొమ్మలు చూడండి.

మీ తాతయ్య