తాడు తెగిన చేద, నెత్తిమీద తిరిగే స్టేషన్

నూతిలో నీళ్లు తోడుతుంటే తాడు పుటుక్కున తెగిందనుకోండి. చేద, చేదలోని నీళ్లు, తెగిన తాడు ముక్క మూడూ ఒకే వేగంతో కిందికి పోతాయి. అంతవరకు చేతికి తెలిసిన పది కిలోల బరువు ఆ క్షణం నుంచి ఎక్కడా లేదు. నీళ్లు చేద అడుగును నొక్కడం మానేస్తాయి. భూమి లాగుడు మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. ఆ లాగుడుకు అడ్డుపడే తాడు లేకుండా పోయింది, అంతే. మనం బరువు అని పిలిచేది ఆ అడ్డునే. మంచం, నేల, కుర్చీ మనల్ని తిరిగి పైకి తోస్తుంటేనే మనకు బరువు తెలుస్తుంది.

అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదని చాలామంది అనుకుంటారు. ఇది గట్టిగా సరిచేసుకోవాల్సిన పొరపాటు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ భూమి ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో దాదాపు 89 శాతం. ఆ ఎత్తున ఒక స్తంభం కట్టి దానిమీద నిలబడితే, 60 కిలోల మనిషి కాటా మీద 53 కిలోలు తూగుతాడు. మరి స్టేషన్‌లో ఎందుకు తేలుతున్నారు? స్టేషన్, అందులోని మనుషులు, వాళ్ల నీళ్ల సంచులు అన్నీ కలిసి ఆ చేదలాగే పడిపోతున్నాయి గనుక. సెకనుకు 7.66 కిలోమీటర్ల అడ్డవేగం ఉండడం వల్ల అవి నేలకు తగలవు. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి ఎనిమిది సెకన్లు పట్టని వేగం అది. ఒక సెకనులో స్టేషన్ 4.3 మీటర్లు కిందికి పడుతుంది. అదే సెకనులో అది దాటిన 7.66 కిలోమీటర్ల మేర భూమి గుండ్రంగా వంగి, సరిగ్గా ఆ 4.3 మీటర్లూ కిందికి జారుకుంటుంది. పడుతున్నంతసేపూ నేల తప్పుకుంటూనే ఉంటుంది. సుమారు 93 నిమిషాలకు ఒక చుట్టు పూర్తవుతుంది.

పడేటప్పుడు బరువు పోవడాన్ని డాబా మీద నుంచి చేసి చూడొచ్చు. లీటరు వాటర్ బాటిల్‌కు అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తున, పక్కగా, 4 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టండి. వేలితో మూసి నీళ్లు నింపి, మూత లేకుండా పట్టుకుని వేలు తీస్తే ధార చిమ్ముతుంది. ఇప్పుడు బాటిల్ వదిలేయండి. మూడు మీటర్ల ఎత్తు నుంచైతే అది 0.78 సెకన్లు గాలిలో ఉంటుంది. ఆ కాసేపూ ధార ఆగిపోతుంది. కింద నిలబడినవాళ్లు ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీస్తే స్పష్టంగా కనబడుతుంది. మూత బిగించి చేస్తే ప్రయోగం చెడుతుంది, ఎందుకంటే గాలి లోపలికి రాక ధార ముందే ఆగుతుంది. వదిలేటప్పుడు బాటిల్ గిరగిరా తిరిగినా చెడుతుంది, ఆ తిప్పుడే నీళ్లను బయటికి తోస్తుంది. పైకి విసిరి కూడా చూడండి. చెయ్యి వదిలిన క్షణం నుంచి, పైకి పోతున్నప్పుడు కూడా ధార రాదు.

బరువు పోయినా ద్రవ్యరాశి, అంటే వస్తువులో ఉన్న పదార్థం, పోదు. పలాసలో 80 కిలోల జీడి పిక్కల బస్తాను స్టేషన్‌లో పెడితే, లీటరు నీళ్లను ఎత్తేపాటి బలంతో తోసినా కదులుతుంది. కానీ తాపీగా కదులుతుంది. నాలుగు సెకన్లు తోస్తే సెకనుకు అర మీటరు వేగం అందుకుంటుంది. దాన్ని అర సెకనులో ఆపాలంటే ఎనిమిది కిలోలు ఎత్తేంత బలం కావాలి. గోడకూ బస్తాకూ మధ్య చెయ్యి పెడితే నలుగుతుంది. సామాన్లు మోసే వ్యోమగాములు నెమ్మదిగా కదిలేది ఇందుకే.

అక్కడ ఏ కాటా పనిచేయదు. లోలకం గడియారం ఆగిపోతుంది, స్ప్రింగు గడియారం నడుస్తుంది. అందుకే మనిషిని స్ప్రింగుకు బిగించి ఊపి, ఒక ఊపుకు ఎంతసేపు పడుతుందో కొలుస్తారు. ద్రవ్యరాశి నాలుగింతలైతే ఊగే కాలం రెండింతలవుతుంది. పరికరాన్ని గట్టిగా కరుచుకుని ఉండాలి. పొట్ట, చేతులు వేరే లయలో ఊగితే లెక్క తప్పుతుంది.

అరసవల్లిలో వెలిగించే దీపం శిఖ మొనదేలి ఉండడానికి కారణం కూడా బరువే. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, చల్లగాలి కింద నుంచి వచ్చి చేరుతుంది. ఆ ప్రవాహమే మంటను పైకి సాగదీస్తుంది. భారరహిత స్థితిలో తేలిక, బరువు తేడా ఉండదు గనుక వేడిగాలి ఎటూ పోదు. మంట గుండ్రటి నీలి బుడగలా నిలుస్తుంది, ప్రాణవాయువు మెల్లగా చేరితేనే బతుకుతుంది. ఇదే సూత్రం నిద్రపోయే మనిషికి ప్రమాదం. వదిలిన ఊపిరి లేచిపోక ముఖం చుట్టూ పేరుకుంటుంది, తలనొప్పి వస్తుంది. కాబట్టి పడుకునే చోట ఫ్యాన్ ఆగకూడదు.

నీరు ఇంకా మొండిది. 2013 జులై 16న ఇటలీ వ్యోమగామి లూకా పార్మిటానో స్టేషన్ బయట పనిచేస్తుండగా హెల్మెట్‌లోకి నీరు చేరింది. సూట్‌ను చల్లబరిచే నీటిని గాలి నుంచి వేరుచేసే భాగంలో సన్నటి బెజ్జాలు మురికితో పూడుకుపోయి, ఆ నీరు గాలి దారిలోకి మళ్లింది. నేలమీదైతే మెడకిందికి కారిపోయేది. అక్కడ మాత్రం తలవెనక నుంచి పాకి చెవులు, కళ్లు, ముక్కు కప్పేసింది. లీటరుకు పైగా నీళ్లు. ఆయన దాదాపు ఏమీ కనబడని స్థితిలో, నడుముకున్న తీగ లాగే దిక్కును పట్టుకుని తిరిగి లోపలికి చేరారు.

ఒంట్లోని నీరు కూడా ఇలాగే దారి తప్పుతుంది. నిలబడినప్పుడు రక్తం కాళ్లవైపు దిగకుండా గుండె, నరాలు నిత్యం పనిచేస్తుంటాయి. లాగుడు తెలియనప్పుడు ఆ ద్రవం సుమారు రెండు లీటర్లు తలవైపు జరుగుతుంది. ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి, ముక్కు బిగుసుకుని కూర రుచి తెలియదు. నీరు ఎక్కువైందని శరీరం పొరబడి దాన్ని వదిలించుకుంటుంది, రక్తం పరిమాణం తగ్గుతుంది.

ఎముకల సంగతి మరీ బాధాకరం. వ్యాయామం లేకపోతే తుంటి ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. కరిగిన కాల్షియం మూత్రంలోకి పోతుంది. ఇది యంత్రాన్ని కూడా దెబ్బతీసింది. మూత్రం నుంచి 85 శాతం నీటిని తిరిగి రాబట్టేలా తయారుచేసిన స్టేషన్ పరికరంలో కాల్షియం సల్ఫేట్ గట్టిపడి అడ్డుపడింది. మూత్రం పాడవకుండా కలిపే గంధకామ్లం ఆ సల్ఫేట్‌ను ఇంకా పెంచింది. కొన్నాళ్లు 70 శాతం దగ్గరే నడిపి, తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారాక దారికొచ్చింది. ఎముకల కోసం రోజూ రెండు గంటల వ్యాయామం చేస్తారు. ఇనుప బరువులు పనికిరావు గనుక గాలి తీసేసిన సిలిండర్ల లాగుడుకు ఎదురు లాగుతారు. నడక పట్టీ మీద పరుగెత్తాలంటే భుజాలకు, నడుముకు పట్టెలు వేసి కిందికి లాగి ఉంచాలి.

2025లో స్టేషన్‌కు వెళ్లిన భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తించారు. మొక్కకు కింద ఎటో చెప్పేది వేరు కొసలో కణాల అడుగుకు జారే పిండిరేణువులు. అక్కడ అవి జారవు, వేరు వెలుతురు, తడి వంటి వేరే ఆనవాళ్లు వెతుక్కోవాలి.

తిరుగు ప్రయాణమే శరీరానికి అసలు పరీక్ష. తగ్గిన రక్తం నేలమీద నిలబడగానే కాళ్లలోకి దిగి తలకు చాలదు, కళ్లు తిరుగుతాయి. అందుకే అమెరికా వ్యోమనౌక స్పేస్ షటిల్‌లో దిగబోయే ముందు సుమారు లీటరు నీళ్లతో మొత్తం 8 గ్రాముల ఉప్పు బిళ్లలు మింగేవారు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ పాళ్లు దాదాపు ఇవే. ఉట్టి నీళ్లు తాగితే త్వరగానే మూత్రంగా పోతాయి. ఉప్పుతో వెళ్లిన నీరు రక్తనాళాల్లో కాసేపు నిలుస్తుంది. నౌపడ మడుల్లో పండే ఉప్పులో ఒకటిన్నర టీ చెంచా తీసుకుంటే దాదాపు అంత.