90 మంది బతుకుతారా, 10 మంది పోతారా? ముప్పు గురించి చెప్పే తీరు: అపోహలు – వాస్తవాలు

ఆపరేషన్‌కు ముందో, కొత్త మందు మొదలుపెట్టే ముందో రోగుల చేతికిచ్చే సమాచార పత్రాలు రాయడం నా పని. డాక్టర్లు అంకెలు ఇస్తారు, వాటిని వాక్యాల్లో పెట్టేది నేను. "ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోదా?" అని అడుగుతుంటారు. ఉన్నది ఉన్నట్టుగానే రెండు రకాలుగా రాయొచ్చు. ఏది చదివారన్నదాన్ని బట్టి జనం నిర్ణయం మారిపోతుంది, చిక్కల్లా అక్కడే.

అపోహ: అంకె నిజమైతే చాలు, ఎలా చెప్పినా ఒకటే.

1982లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బార్బరా మెక్‌నీల్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందనుకోండి, ఆపరేషన్, రేడియేషన్‌లలో ఏది కావాలి అని అడిగారు. కొందరికి బతికేవాళ్ల లెక్క ఇచ్చారు: ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో 90 మంది గండం గట్టెక్కుతారు, ఏడాదికి 68 మంది, ఐదేళ్లకు 34 మంది ఉంటారు. రేడియేషన్ అయితే చికిత్స సమయంలో ఎవరూ పోరు, ఏడాదికి 77 మంది, ఐదేళ్లకు 22 మంది మిగులుతారు. మిగతావాళ్లకు ఇదే లెక్కను చనిపోయేవాళ్ల వైపు నుంచి చెప్పారు. రేడియేషన్ కావాలన్నవాళ్లు మొదటి గుంపులో 18 శాతం, రెండో గుంపులో 44 శాతం. "ఆపరేషన్‌లోనే 10 మంది పోతారు" అన్న వాక్యం కళ్లబడ్డాక, ఐదేళ్ల తర్వాత ఏ చికిత్సతో ఎక్కువమంది మిగులుతారో చూసే ఓపిక తగ్గిపోయిందన్నమాట.

అపోహ: చదువుకున్నవాళ్లు ఇలాంటివాటికి పడిపోరు.

పడిపోతారు. పై అధ్యయనంలో రోగులతోపాటు డాక్టర్లు, గణాంకాలు చదువుకున్న విద్యార్థులు కూడా ఉన్నారు. ఎవరూ తప్పించుకోలేదు.

అపోహ: "ముప్పు రెట్టింపు" అంటే జాగ్రత్తపడాల్సినంత పెద్ద ముప్పు.

దేనికి రెట్టింపు అని అడగనంతవరకూ ఆ మాటకు అర్థం లేదు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక చేసింది: మూడో తరం, అంటే అప్పటి కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని. అబద్ధమేమీ చెప్పలేదు. పాత రకం మాత్రలు వాడే 7,000 మందిలో ఒకరికి వచ్చే సమస్య, కొత్తవాటితో ఇద్దరికి వస్తుంది. ఈ రెండో వాక్యం మాత్రం జనానికి చేరలేదు. ఎంతోమంది భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయని అంచనా. పైగా రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో కంటే గర్భంతోనే ఎక్కువ!

మందుల ప్రచారంలో ఇంకో మెలిక ఉంటుంది, నాకు ఒళ్లు మండేది దాంతోనే. ఊహించిన అంకెలతో చెబుతాను. "గుండెపోటు ముప్పు 50 శాతం తగ్గుతుంది. కండరాల నొప్పి నూటికి ఒక్కరికే." చదవగానే మందు మింగేయాలనిపిస్తుంది. లాభం శాతాల్లో, నష్టం మనుషుల్లో చెప్పారు కాబట్టి అలా అనిపిస్తుంది. రెండింటినీ ఒకే కొలతలోకి తెద్దాం. మందు లేకపోతే 1,000 మందిలో ఇద్దరికి గుండెపోటు వస్తుంది, వాడితే ఒకరికి. అదే 1,000 మందిలో నొప్పులు వచ్చేది 10 మందికి. గుండెపోటుకీ నొప్పికీ పోలిక లేదు, కాబట్టి మందు వాడాలనుకునేవాళ్లు వాడొచ్చు. ఆ సంగతి తూచుకోవాల్సింది రోగి. తూకంరాళ్లు మార్చే హక్కు నాకు లేదు.

ఒకే కొలత అని ఎందుకు పట్టుబడతానంటే, కింద ఉండే అంకె, అంటే ఎంతమందిలో అన్నది కూడా మనసును లాగేస్తుంది. 1997లో యమగిషి అనే పరిశోధకుడు చేసిన ప్రయోగంలో "10,000 మందిలో 1,286 మంది" చనిపోతారన్న ముప్పు, "100 మందిలో 24.14 మంది" అన్నదానికంటే భయంకరంగా తోచింది. నిజానికి మొదటిది 13 శాతం కూడా లేదు.

అపోహ: మాటల గారడీతో ఎవరినైనా ఎటైనా తిప్పేయొచ్చు.

అంత సీన్ లేదు. 1988లో లెవిన్, గేత్ అనే పరిశోధకులు ఒకే మాంసాన్ని కొందరికి "75 శాతం కొవ్వు లేనిది" అని, మరికొందరికి "25 శాతం కొవ్వు ఉన్నది" అని చెప్పారు. మొదటి పేరే నచ్చింది. రుచి చూశాక మాత్రం ఆ తేడా తగ్గిపోయింది. సొంత అనుభవం ఉన్నచోట మాటల పట్టు సడలుతుంది. ఆపరేషన్‌ను ముందుగా రుచి చూసే వీల్లేదు, అందుకే మా రంగంలో వాక్యానికి అంత బలం.

అపోహ: అంకెలు రోగిని బెదరగొడతాయి, "సాధారణం", "అరుదు" అంటే సరిపోతుంది.

డాక్టర్లతో నాకు ఎక్కువ వాదన జరిగేది దీని మీదే. యూరప్ మందుల నిబంధనల్లో దుష్ప్రభావం "సాధారణం" అంటే 100 మందిలో 1 నుంచి 10 మందికి, "అరుదు" అంటే 10,000 మందిలో 1 నుంచి 10 మందికి అని లెక్క. మామూలు పాఠకుడు "సాధారణం" అని చదివితే అంతకంటే చాలా ఎక్కువమందిని ఊహించుకుంటాడు. అంకె చూస్తే బెదిరిపోతాడనుకున్న మనిషి, అంకె లేకపోవడంతోనే ఎక్కువ బెదిరిపోతాడు. అందుకని నేను మాట పక్కనే "100 మందిలో సుమారు 3 మందికి వస్తుంది, 97 మందికి రాదు" అని రెండు వైపులా రాస్తాను. వాక్యం పొడుగైందని డాక్టర్లు విసుక్కుంటారు, అయినా తీయను.