పికప్పా, మైలేజీయా: ఇంజన్ సైజు తేల్చింది బడ్జెట్టే

మారుతి బ్రెజాలో ఉన్నది 1,462 సీసీ పెట్రోల్ ఇంజన్. బలం 103 హార్స్‌పవర్. హ్యుందాయ్ వెన్యూ టర్బోలో ఉన్నది 998 సీసీయే, కానీ ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే టర్బో వల్ల 120 ఇస్తుంది. రెండూ నాలుగు మీటర్ల లోపు బళ్లే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారాక మొదటిదానికి పన్ను 40 శాతం, రెండోదానికి 18. అంటే బలం తక్కువున్నా, ఇంజన్ పెద్దదైన బండికే పన్ను ఎక్కువ! ఈ తిరకాసుకు దాదాపు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది.

అంతకుముందు లెక్క సులువుగా ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేనాటికి రోడ్ల మీద తిరిగే అంబాసిడర్‌ది 1,489 సీసీ ఇంజన్. మారుతిది 796 సీసీ, మూడు సిలిండర్లు, 40 హార్స్‌పవర్ లోపే. అయినా అంబాసిడర్ పక్కన చురుగ్గా ఉరికేది. కారణం ఇంజన్ గొప్పతనం కన్నా బరువు: అది ఏడొందల కిలోలు కూడా తూగేది కాదు. పికప్, మైలేజీ రెండూ కలిసి రావాలంటే బరువు తగ్గించడాన్ని మించిన దారి లేదు. కానీ ఏసీ, ఎయిర్‌బ్యాగులు, గుద్దుకున్నా తట్టుకునే బాడీ కావాలని మనమే అడిగాం, అడగాల్సిందే. బరువు తిరిగొచ్చింది.

అసలు మలుపు 2006 బడ్జెట్. ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని, అంటే జీఎస్టీకి ముందు తయారీ మీద వేసిన పన్నును, 24 నుంచి 16 శాతానికి దించారు. చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. ఇంజన్ పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. ఇక కంపెనీలన్నీ ఆ గీతకు ఆనించి ఇంజన్లు కట్టాయి. మారుతి 1,197, హ్యుందాయ్ 1,197, హోండా 1,199! టాటా ఇండిగోను, ఆ తర్వాత మారుతి డిజైర్‌ను డిక్కీ దగ్గర కోసి నాలుగు మీటర్లలో ఇమిడ్చారు. అందం సంగతి మాత్రం అడక్కండి.

ఆ గీతకు ఉన్న లోపం ఏమిటంటే, అది సైజును చూస్తుందే గానీ తాగే ఇంధనాన్ని కాదు. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ దాన్ని బయటపెట్టింది. అందులో 999 సీసీ టర్బో 125 హార్స్‌పవర్ ఇస్తూ చిన్న కారు పన్ను కట్టింది. అదే కారులో 112 ఇచ్చే ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ ఇంజన్ పెద్ద పన్ను కట్టింది.

మధ్యలో డీజిల్ కాలం నడిచింది. సర్కారు డీజిల్ ధర తొక్కిపట్టింది కాబట్టి లారీల కోసం ఇచ్చిన రాయితీ కార్లకూ పారింది. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ డీజిల్ ఇంజన్‌ను మారుతి, టాటా కూడా వాడుకున్నాయి. మామూలు టర్బోతో 75, రెక్కల కోణం మారే టర్బోతో 90 హార్స్‌పవర్. పెట్రోల్ ఇంజన్ నెమ్మదిగా నడిచేటప్పుడు గాలిదారి సగం మూసుకుని ఊపిరి పీల్చడానికే కొంత శక్తి పోగొట్టుకుంటుంది. డీజిల్‌కు ఆ బాధ లేదు, మైలేజీకి అదొక కారణం. 2013 జనవరి నుంచి నెలనెలా కొద్దికొద్దిగా ధర పెంచి, 2014 అక్టోబరులో నియంత్రణ ఎత్తేశారు. 2015 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ బళ్ల రిజిస్ట్రేషన్‌ను సుప్రీంకోర్టు ఆపింది. మహీంద్రా తన 2.2 లీటర్ల ఇంజన్‌ను కొన్ని వారాల్లోనే 1.99 లీటర్లకు దించింది. మళ్లీ గీతే! 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం మీద బీఎస్-6 అనే కఠిన నిబంధన రాగానే మారుతి డీజిల్‌నే వదిలేసింది.

ఆ ఖాళీలోకి చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లు వచ్చాయి. మెల్లగా తోలితే చిన్న ఇంజన్, తొక్కితే పెద్ద ఇంజన్. కాగితం మీద చెప్పే మైలేజీ ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, 90 కిలోమీటర్ల వేగం దాటకుండా తీసింది. పికప్ కోసం టర్బో కొని, అలా తోలేవాళ్లెందరు?

లారీల కథ వేరు, అక్కడ బలం పేరులోనే కనిపిస్తుంది. టాటా 1613 అంటే 16 టన్నులు, 130 హార్స్‌పవర్. ఇప్పటి 1918 అంటే దాదాపు 19 టన్నులు, 180 హార్స్‌పవర్. బరువు ఐదో వంతు కూడా పెరగలేదు, బలం దాదాపు 40 శాతం పెరిగింది. 2018 జులైలో కేంద్రం లోడు పరిమితి పెంచాక ఘాట్ ఎక్కడానికి ఆ బలం కావాల్సి వచ్చింది. బీఎస్-6 లారీల్లో డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవం పొగను గొట్టంలోనే శుభ్రం చేస్తుంది కనుక, ఇంజన్‌ను డీజిల్ బాగా మండేలా సెట్ చేసుకునే వీలుంది. దిగుడులో న్యూట్రల్ కొట్టి డీజిల్ మిగిల్చే పాత అలవాటు మాత్రం ఇంకా పోలేదు, ప్రాణాలు తీస్తున్నా.

కార్లలో నిజంగా ఇంధనాన్ని కొలిచే నిబంధన 2017లోగానీ రాలేదు. ఇంధనం ఎంత మండితే అంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు తీస్తే అది కిలోమీటరుకు 130 గ్రాములు, 2022 నుంచి 113 మించకూడదన్నారు. మూడో దశ 2027 ఏప్రిల్‌లో మొదలు కావాలి. దాని కోసం 2025 సెప్టెంబరులో విడుదలైన ముసాయిదాలో 909 కిలోల లోపు పెట్రోల్ కార్లకు కాస్త సడలింపు ఇస్తామన్నారు, టాటా, మహీంద్రా అభ్యంతరం చెప్పాయి. సడలింపుకు పెట్టిన మిగతా షరతులు: పొడవు నాలుగు మీటర్ల లోపు, ఇంజన్ 1,200 సీసీ లోపు.