ప్యాకేజీ దొరకలేదని ఫార్మాట్ కొట్టకండి: డెబియన్ అపోహలు, వాస్తవాలు

మా కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్స్ చూసుకునేది నేనే. కొత్త బ్యాచ్ వచ్చిందంటే చాలు, డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించీ, దాని ప్యాకేజీల (అంటే సాఫ్ట్‌వేర్ల) గురించీ ఇదే ప్రశ్న: "సార్, డెబియన్ ఇన్‌స్టాల్ సగంలో పోయింది. ఏ ప్యాకేజీ అడిగినా లేదంటోంది. మళ్లీ ఫార్మాట్ కొట్టేయనా?"

వద్దు బాబూ. ముందు ఆ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టు.

అపోహ: ప్యాకేజీలు దొరక్కపోతే ఇన్‌స్టలేషన్ పాడైనట్టే.

వాస్తవం: బేస్ సిస్టమ్ ఎక్కుతుండగా కరెంటు పోతే ఆ సంగతి వేరు. లాగిన్ అయి పని చేసుకోగలుగుతున్నారంటే సిస్టమ్ బాగానే ఉంది. ఇన్‌స్టాలర్‌కి వైఫై దొరక్క, మీరు నెట్‌వర్క్ మిర్రర్ (ప్యాకేజీలు దొరికే సర్వర్) ఎంచుకునే స్టెప్ దాటేసి ఉంటారు. దాంతో ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసి ఉండే సోర్సెస్ లిస్ట్ ఫైల్లో 'డెబ్ సీడీరామ్' అనే లైన్ (పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసినా దాన్ని సీడీగానే రాసుకుంటుంది) ఒక్కటే పనిలో మిగులుతుంది. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ పాపం ఆ డిస్కు కోసమే వెతుక్కుంటుంది.

పోయిన ఏడాది ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఏడుపొక్కటే తక్కువ. ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా 'డిస్కు పెట్టి ఎంటర్ నొక్కండి' అని వస్తోందట. ఆ ల్యాప్‌టాప్‌కి అసలు సీడీ డ్రైవే లేదు! అరగంట ఎంటర్ నొక్కి నొక్కి, ఎవరో సీనియర్ చెప్పాడని అప్పటికే రెండుసార్లు ఫార్మాట్ చేసేసింది. రెండోసారి హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ప్రాజెక్టు కూడా పోయింది. అసలు పని ఐదు నిమిషాలది.

ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, చాలావరకు నెట్ వచ్చేస్తుంది. సుడో (రూట్ అనే అడ్మిన్ అధికారంతో పని చేయించే కమాండ్) ఒప్పుకోకపోతే టెన్షన్ పడొద్దు. ఇన్‌స్టాల్ అప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మీ యూజర్‌ని సుడో గ్రూపులో చేర్చదు, అంతే. 'సు' కొట్టి రూట్‌గా ఆ సోర్సెస్ లిస్ట్ ఫైల్ తెరవండి. సీడీరామ్ లైన్ ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టండి, ఆప్ట్ ఇక దాన్ని పట్టించుకోదు. కింద మూడు లైన్లు కావాలి: డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ నుంచి బుక్‌వర్మ్ (డెబియన్ 12 పేరు), బుక్‌వర్మ్-అప్‌డేట్స్, సెక్యూరిటీ సర్వర్ నుంచి బుక్‌వర్మ్-సెక్యూరిటీ. మీది 13 అయితే బుక్‌వర్మ్ బదులు ట్రిక్సీ. ప్రతి లైన్ చివర 'మెయిన్' పక్కన 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' మరవకండి. 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి వైఫై చిప్ నడవడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఉండేది అందులోనే. పాత ట్యుటోరియల్స్‌లో ఆ పేరే కనిపించదు. ఇక ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి.

అపోహ: ఉబుంటు కూడా డెబియనే కదా, దాని పీపీఏ (ఉబుంటు కోసం కట్టిన అదనపు ప్యాకేజీల సోర్స్) పెడితే ఏమవుతుంది?

డిపెండెన్సీలు, అంటే ఒక ప్యాకేజీకి కావాల్సిన వేరే ప్యాకేజీలు, చిక్కుపడతాయి, ఆ ముడి విప్పడానికి నా ఆదివారం పోతుంది. ఈ సలహా పంచేవాళ్లు ఆ ముడి విప్పడానికి మాత్రం రారు.

అపోహ: ఆప్ట్ అప్‌డేట్ కొడితే సిస్టమ్ మొత్తం మారిపోతుంది. లేదు, ప్యాకేజీల జాబితా మాత్రమే తాజా అవుతుంది. మార్చేది అప్‌గ్రేడ్.

అపోహ: సోర్స్ అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ కాక ఉత్త హెచ్‌టీటీపీ అయితే ప్రమాదం. ప్యాకేజీల నిజానిజాలు ఆప్ట్ డిజిటల్ సంతకంతో సరిచూస్తుంది, కంగారొద్దు.

అపోహ: రిలీజ్ ఫైల్ (సర్వర్ పంపే, తేదీ ఉన్న జాబితా) 'ఇంకా చెల్లదు' అంటే సర్వర్ చెడింది. కాదు, మీ కంప్యూటర్ గడియారం వెనకబడింది. మొన్న ఒకతను దీనికీ పెన్‌డ్రైవ్ తీశాడు. పాత డెస్క్‌టాప్, బోర్డు మీద గడియారాన్ని నడిపే బటన్ సెల్ అయిపోయింది. కిందకెళ్లి వాచీల కొట్లో సెల్ తెచ్చుకోమన్నాను.