సూది మారింది, సిరంజి మారలేదు

“మా తమ్ముడికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్నాయని తేలింది. కంచం, గ్లాసు వేరుగా పెట్టాలా? పిల్లల్ని ఎత్తుకోనివ్వచ్చా? వాడికి ఏ చెడ్డ అలవాటూ లేదండీ, మరి ఎలా వచ్చింది?” అని ఒక పాఠకురాలు అడిగారు.

హెచ్‌ఐవీ రోగనిరోధక శక్తిని, హెపటైటిస్ సి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్‌లు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చిన్నది. కంచం వేరు చేయొద్దు. పిల్లల్ని ఎత్తుకోనివ్వండి, ముద్దు చేయనివ్వండి. ఒకే బాత్రూం వాడినా, పక్కపక్కన పడుకున్నా, ఆయన్ని కుట్టిన దోమే మిమ్మల్ని కుట్టినా ఈ రెండు వైరస్‌లూ అంటుకోవు. షేవింగ్ బ్లేడు, టూత్ బ్రష్, నెయిల్ కట్టర్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. కంటికి కనపడనంత రక్తం వాటికి అంటుకుని ఉండొచ్చు.

మూడో ప్రశ్న దగ్గర ఆగుదాం. ఆయనకు ఎలా వచ్చిందో దూరం నుంచి ఎవరూ చెప్పలేరు, ఇంట్లోవాళ్లు ఆరా తీయాల్సిన పనీ లేదు. కానీ ఈ రెండూ ఒకే మనిషిలోకి చేరే దారుల్లో ఒకదాన్ని మనవాళ్లు ఎంతమాత్రం పట్టించుకోరు. అది సిరంజి. సూది అనట్లేదు, సిరంజి అంటున్నాను.

ఇంజక్షన్ ఇచ్చాక పిస్టన్‌ను చివరంటా నొక్కినా సిరంజి మూతిలో, సూది బిగించే ప్లాస్టిక్ మొదట్లో కాస్త ఖాళీ మిగులుతుంది. దీన్ని డెడ్ స్పేస్ అంటారు. సూది ఊడదీసి మార్చుకునే సిరంజిలో ఆ ఖాళీలో సుమారు 84 మైక్రోలీటర్ల ద్రవం నిలిచిపోతుందని, సూది అతికించే ఉన్న ఇన్సులిన్ సిరంజిలో సుమారు 2 మైక్రోలీటర్లే నిలుస్తుందని 1990లలో అమెరికా పరిశోధకులు కొలిచి చెప్పారు. మైక్రోలీటర్ అంటే మిల్లీలీటర్‌లో వెయ్యో వంతు. 84 మైక్రోలీటర్లంటే రెండు చుక్కలు కూడా ఉండదు.

ఆ చుక్కలో ఏముందో లెక్కేద్దాం. చికిత్స తీసుకోని హెపటైటిస్ సి రోగి రక్తంలో మిల్లీలీటర్‌కు పది లక్షల వైరస్‌లు ఉండటం మామూలే. అంటే మైక్రోలీటర్‌కు వెయ్యి. నరానికి వేసిన సిరంజిలో ఆ ఖాళీ అంతా రక్తంతోనే నిండిందనుకుంటే సూది ఊడే పెద్ద సిరంజిలో 84,000, ఇన్సులిన్ సిరంజిలో 2,000. తేడా 42 రెట్లు.

“కడిగే వాడాం కదా” అంటారు. మజ్జిగ గ్లాసును ఒకసారి తొలిపి పారబోస్తే అడుగున మిగిలిన నీళ్లు ఇంకా తెల్లగానే ఉంటాయి కదా, ఇదీ అంతే. ఒక మిల్లీలీటర్ నీళ్లు పీల్చి బయటికి కొట్టామనుకోండి. పెద్ద సిరంజిలోని 84 మైక్రోలీటర్ల రక్తం వెయ్యి మైక్రోలీటర్ల నీళ్లలో కలిసి దాదాపు పదమూడు రెట్లు పల్చబడుతుంది. నీళ్లన్నీ వదిలేశాక మళ్లీ 84 మైక్రోలీటర్లు లోపలే మిగులుతుంది, అందులో రక్తం ఆరున్నర మైక్రోలీటర్లు. అంటే 6,500 వైరస్‌లు. ఇన్సులిన్ సిరంజిలో ఉన్న 2 మైక్రోలీటర్లు అవే నీళ్లలో ఐదు వందల రెట్లు పల్చబడతాయి. మిగిలే రక్తం మైక్రోలీటర్‌లో 250వ వంతు, అంటే నాలుగు వైరస్‌లు. కడగకముందు 42 రెట్లున్న తేడా ఒక్కసారి కడిగేసరికి 1,600 రెట్లు దాటింది! రెండోసారి కడిగితే పెద్ద సిరంజిలో ఇంకా 500 ఉంటాయి. చిన్నదాంట్లో ఒక్కటి మిగిలే అవకాశం కూడా నూటికి ఒక పాలు లేదు. చూడటానికి ఒకేలా ఉండే రెండు ప్లాస్టిక్ గొట్టాలకు ఇంత వ్యత్యాసం ఉందని మొదటిసారి కాగితం మీద వేసి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మత్తుమందు ఇంజక్షన్లు తీసుకునేవాళ్లకు సిరంజిలు పంచే కేంద్రాల్లో ఈ తక్కువ ఖాళీ ఉన్న రకాన్ని కూడా ఉంచమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

వైరస్ చేరిన ప్రతిసారీ జబ్బు అంటుకుంటుందని కాదు. కండకు వేసే ఇంజక్షన్‌లో వచ్చే రక్తం చాలా తక్కువ కూడా. కానీ ఒకే సిరంజి వందల మందికి తిరిగితే చిన్న అవకాశమే పెద్దదవుతుంది. పైగా హెపటైటిస్ సి మొండిది. ఖాళీ ఎక్కువున్న సిరంజిలో 63 రోజుల దాకా బతికే ఉన్నట్టు 2010లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు.

ఇప్పుడు మన పల్లెల్లోకి రండి. జ్వరం వచ్చి వెళితే సూది వేయని డాక్టరు డాక్టరే కాదనే నమ్మకం ఇంకా పోలేదు. మాత్ర చాలని చెప్పిన ఎంబీబీఎస్‌ను వదిలి సూది వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయే ఊళ్లు ఎన్నో. కొందరు ఆర్‌ఎంపీలు “సూది మార్చాను” అని నిజాయితీగానే చెబుతారు. సూది ఊడదీసేటప్పుడు లోపలి ఒత్తిడి తగ్గి అందులోని రక్తం సిరంజిలోకి పీల్చుకుపోతుందని వాళ్లకెవరూ నేర్పలేదు. అదే సిరంజిని మందు సీసాలో గుచ్చితే సీసా కూడా చెడుతుంది. చదువుకున్నవాళ్లూ ఈ తప్పు చేశారు. 2000, 2001లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక కేన్సర్ క్లినిక్‌లో, వాడిన సిరంజితో అందరికీ వాడే సెలైన్ సంచిలోంచి తీయడం వల్ల 99 మందికి హెపటైటిస్ సి సోకింది. 2014లో కంబోడియాలోని రోకా అనే చోట లైసెన్సు లేని వైద్యుడి ఇంజక్షన్ల వల్ల 200 మందికి పైగా హెచ్‌ఐవీ బయటపడింది. వాళ్లలో పసిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, చాలామందికి హెపటైటిస్ సి కూడా ఉంది. అలవాట్ల గురించి అడిగే ముందు ఈ ఊరిని గుర్తుచేసుకోండి.

రెండూ కలిసి ఉంటే కాలేయం త్వరగా గట్టిపడుతుంది, సిరోసిస్ ముందుగా వస్తుంది. అయితే రెండు వైరస్‌ల భవిష్యత్తూ ఒకటి కాదు. రెండూ జన్యు రాతను ఆర్‌ఎన్‌ఏలో దాచుకునే వైరస్‌లే, ఆ రాత రెండింటిలోనూ పదివేల అక్షరాలకు కాస్త తక్కువే. హెపటైటిస్ సి తన పనంతా కాలేయ కణంలో కేంద్రకం బయటే చేసుకుంటుంది. దాని కాపీయింగ్ ఆపితే ఉన్నవి నశిస్తాయి, కొత్తవి పుట్టవు, కథ ముగుస్తుంది. సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర రోజుకొకటి, 12 వారాలకు 84 మాత్రలు. నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. అమెరికాలో 2013 చివర్లో సోఫోస్‌బువిర్ వచ్చినప్పుడు ఒక కోర్సు ధర 84,000 డాలర్లు. 2015లో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటిరో జెనరిక్ తెచ్చాక ఆ ధర నేలకు దిగింది. 2018 నుంచి జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది.

హెచ్‌ఐవీ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసి, ఇంటిగ్రేజ్ అనే ఎంజైముతో మన క్రోమోజోములోనే అతికిస్తుంది. పాత జబ్బుల్ని గుర్తుపెట్టుకునే రోగనిరోధక కణాల్లో (జ్ఞాపక సీడీ4 కణాలు) కొన్ని అలా అతికించుకుని నిద్రపోతాయి. మందులు నడిచే వైరస్‌ను ఆపగలవు కానీ నిద్రపోయేదాన్ని ముట్టుకోలేవు. ఆ కణాల సంఖ్య సగమవడానికే 44 నెలలు పడుతుంది, అన్నీ పోవాలంటే 70 ఏళ్లు దాటాలి. అందుకే హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మాత్ర జీవితాంతం.

కానీ ఆ మాత్ర మన సిరంజి లెక్కను ఏం చేస్తుందో చూడండి. మందు లేనప్పుడు మిల్లీలీటర్‌కు లక్ష వైరస్‌లుంటే 84 మైక్రోలీటర్లలో 8,400. క్రమంగా మందు వేసుకుని వైరల్ లోడ్, అంటే మిల్లీలీటర్ రక్తంలో వైరస్‌ల లెక్క, 50 లోపు దిగితే ఆ చుక్కలో నాలుగు. లైంగిక సంబంధాల విషయంలో దీనికి గట్టి రుజువుంది. 2016, 2019లలో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో, మందులతో వైరస్ అణిగి ఉన్నవారు భాగస్వామితో కండోమ్ లేకుండా కలిసిన సందర్భాలు లక్షకు పైగా లెక్కకు వచ్చాయి. వాళ్లనుంచి భాగస్వామికి అంటిన కేసు ఒక్కటీ లేదు. సూదులు పంచుకోవడానికి మాత్రం ఈ హామీ వర్తించదు.

పసరు మందు సంగతి చెప్పకుండా ఉండలేను. కామెర్లకు పసరు పోసి, ముంజేతికి వాత పెడితే తగ్గిందంటారు. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ సాధారణంగా దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్ సిలో చాలామందికి కళ్లు కూడా పచ్చబడవు. నలుగురిలో ఒకరికి దానంతటదే పోవచ్చు, మిగతావాళ్లలో ఇరవై, ముప్పై ఏళ్లు చప్పుడు లేకుండా కాలేయాన్ని తింటుంది. వాత పెట్టించుకున్నవారి చేతిమీద మచ్చ మిగులుతుంది, వైరస్ లోపలే ఉంటుంది.

తమ్ముడి డాక్టరుతో మాట్లాడేటప్పుడు మూడు విషయాలు మరిచిపోకండి. హెపటైటిస్ సి మందు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేయించాలి, సి తగ్గే క్రమంలో అణిగి ఉన్న బి విజృంభించవచ్చు. ఏఆర్‌టీలో ఎఫావిరెంజ్ అనే మందు ఉన్నా, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా ముందే చెప్పాలి, రెండూ వెల్పటాస్విర్‌ను రక్తంలో తగ్గించేస్తాయి. కోర్సు అయిపోయిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ కనపడకపోతే నయమైనట్టే. కానీ వైరస్‌ను కాక, దానికి ఎదురుగా ఒంట్లో తయారైన ప్రొటీన్లను వెతికే యాంటీబాడీ పరీక్ష ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పాజిటివ్ అనే చూపిస్తుంది. రేపు ఏ ఆపరేషన్‌కో వెళితే “హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్” అని రాసేస్తారు. ఆ యాంటీబాడీలు మళ్లీ సోకకుండా కాపాడవు, జబ్బు ఉందనీ చెప్పవు. అప్పుడు చూపించడానికి ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు నకళ్లు రెండు మూడు తీయించి దాచమనండి.